మండువా కొక్కెము

మా ఇల్లు గోదావరి లంకలకు చేరువనున్న యొక పల్లెలో, నాలుగువైపుల గదులును, నడుమ ఆకాశమునకు తెఱచియున్న మండువాయును గల పాతకాలపు పెంకుటిల్లు. గానుగసున్నముతో కట్టిన దాని గోడలు మూరెడు మందమునకు తక్కువ లేవు. వేసవిలో వీధిని నిప్పులు చెఱుగుచున్నను లోపలి చల్లదనము చెడదు. తాతగారు కట్టించిన ఆ గోడలను తలచుకొని గర్వించితినే గాని, అవి ఒకనాడు మా మనుమరాలి చదువునకు అడ్డము నిలుచునని నేనెన్నడును తలపోయలేదు. వీధిగదిలో ఇంటర్నెట్టు పెట్టె వెలుగుచుండును. పెరటిగదిలో పిల్ల ఫోను ముందు పెట్టుకొని పాఠము వినుచుండును. సరిగా లెక్క తేలుచోట మాస్టారి మాట తెగి, తెరమీద సున్న గిఱగిఱ తిరుగనారంభించును. "తాతయ్యా, మళ్ళీ తిరుగుతోంది" అని అది కేకవేసినపుడెల్ల నా ప్రాణము చివుక్కుమనెడిది.

పెద్ద ప్లానునకు మాఱుడని కొందఱును, సిగ్నలును సాగదీయు కొత్త పరికరమును కొనుడని కొందఱును చెప్పిరి. పింఛనుమీద నడచు సంసారమున నెలకు మూడువందలు అదనమనగా పాలవాని లెక్కతో ముడిపడిన మాట. అందుచేత ముందుగా పిల్లను ఆ పెట్టె ప్రక్కనే కూర్చుండబెట్టి పాఠము విననిచ్చితిని. గంటసేపు ఒక్క మాటయు తెగలేదు. కాలువలో నీరు నిండుగనే పాఱుచున్నది. చేనికి పోవు బోదెయే పూడినది. బోదె పూడినపుడు కాలువకు శిస్తు ఎక్కువ కట్టిన లాభమేమి?

పెట్టెకును ఫోనునకును నడుమ మాటను మోయునట్టి కంటికి కానరాని తరంగములు గోడలగుండ పోగలవని పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకముననే ఆచార్య జగదీశచంద్ర బోసు కలకత్తా పురమందిరమున, గోడల కావలనున్న గంటను మ్రోగించి, సభవారికి చూపించెను. పోగలవు, నిజమే, కాని ప్రతిగోడయు వానినుండి సుంకము వసూలు చేయును. ఇటుకగోడ కొంత పుచ్చుకొనును, తడిసినగోడ మఱికొంత పుచ్చుకొనును, ఇనుముతో నిండిన సిమెంటు శ్లాబు ఇంకను ఎక్కువ. రేకు బీరువాయు, లోహపు పూతగల పెద్ద అద్దమును అసలు దారియే ఈయక వెనుకకు త్రిప్పికొట్టును. వైఫై తరంగములలో రెండు జాతులు మన యిండ్లలో తఱచు: 2.4 గిగాహెర్ట్జులది ఒకటి, దాని తరంగము నిడివి సుమారు 12 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జులది రెండవది, 6 సెంటీమీటర్లకు లోపు. రెండవది వేగము గలదే, కాని గోడలకు త్వరగా లొంగిపోవును. మా పిల్ల ఫోను వేగముగలదానినే ఎన్నుకొని, రెండు గోడల కావల నీరసించుచుండెను. దానిని మొదటిదానికి మార్చుట మేము చేసిన తొలి చికిత్స. దానికి పైసా కర్చు లేదు.

సిగ్నలు బలమును అంకెలలో చూపు ఉచితపు ఆప్పు నొకదానిని ఫోనులో వేసికొని, ఒక సాయంకాలము నేనును పిల్లయు ఇల్లంతయు గదిగదికి తిరిగితిమి. ఆ అంకెలు ఋణసంఖ్యలు. సున్నకు ఎంత దగ్గఱయైన అంత బలము. పెట్టె ప్రక్కన 42, వీధి వసారాలో 55, పెరటిగదిలో 82. పదేసి అంకెలకు పదిరెట్లు చొప్పున శక్తి తగ్గును గనుక, 42నకును 82నకును నడుమ తేడా పదివేల రెట్లు. ఈ మాట చెప్పగా పిల్ల కన్నులు పెద్దవిచేసి, పలకమీద తానే నాలుగు సున్నలు వేసి లెక్క సరిచూచుకొనెను. బడిలో ఎన్నడును రుచింపని ఘాతాంకములు ఆ సాయంకాలము దానికి చేతికందినట్లు నాకు తోచినది.

అపుడు పెట్టె ఉన్న తావును తేఱిపాఱ చూచితిని. వీధి తీగ వచ్చు మూలను, రేకు బీరువా నెత్తిన, గోడకు ఆనించి పెట్టిపోయిరి. పెట్టినవారిని తప్పుపట్టను, వారికి తీగ చూడవలసియుండెను, ఇల్లు చూడవలసిన పని మాది. ఆ గాజుతీగను మడతపడనీయరాదు, లాగరాదు. చుట్టగానున్న మిగులు తీగ గజము మాత్రమే. ఆ గజముతోనే పెట్టెను బీరువా మీదినుండి దించి, మండువావైపు కిటికీ గూటిలో నిలిపితిమి. దాని చెవులవంటి ఏంటెన్నాలు రెండును వాలియుండగా నిటారుగ నిలువబెట్టితిమి. నిలువుగానున్న కడ్డీనుండి తరంగము ప్రక్కలకే ఎక్కువగా విస్తరించునుగాని కొనవైపునకు పోదు, మేడలేని ఇంటికి కావలసినదియు అదియే. అంతమాత్రమున పెరటిగదిలోని 82 కాస్తా 73కు వచ్చినది. గోడలను చీల్చుకొని పోవలసిన తరంగము మండువాలోని వట్టి గాలిలో నడచి, తెఱచిన తలుపుగుండ లోని కేగెను.

73తో మాట తెగుట తగ్గినది గాని మానలేదు. అటకమీద, రాగితీగ కనెక్షను నాటి పాత రూటరొకటి దుమ్ముపట్టియున్నది. వీధిచివరి కేబులు పనిచేయు కుఱ్ఱవాడు దానిని చూచి, "పారేయకండి తాతగారూ, బంగారంలాగా పనికొస్తుంది" అని, ఫోనులకు చిరునామాల అంకెలు పంచిపెట్టు దాని పెత్తనమును ఆపివేసి, కొత్త పెట్టె అంకెతో తగవుపడని వేఱొక అంకెను దాని కిచ్చెను. ఏలయన ఒక ఇంటిలో పంపకము చేయు పెద్ద ఒక్కరే యుండవలెను. పదునెనిమిది మీటర్ల లాన్ కేబులు, కొసలకు క్లిప్పులతో సహా, మున్నూటయెనుబది రూపాయలైనది. ఈ తీగ నూఱు మీటర్లవఱకు పనిచేయును గనుక మా దూలములవెంట పోవుటకు దానికి శ్రమలేదు. తీగ చివర పాత రూటరును ఎక్కడ ఉంచుదుమా యని వెదకుచుండగా, పెరటివైపు మండువా స్తంభమున, చూరు లోపలిగా, తాతగారు లాంతరు వ్రేలాడదీసిన ఇనుపకొక్కెము కనబడినది. నాలుగు గదులకును వెలుగు పడు తావును ఆయన ఏ కొలమానము లేకయే ఎఱిగినవాడు. దానికే ఒక చెక్కపలకను తగిలించి రూటరును నిలిపితిమి. పెరటిగదిలో ఇపుడు 58.

రెండువేలు పోసి, సిగ్నలును సాగదీయు ఆ ఎక్స్‌టెండరు కొనినచో ఏమయ్యెడిదో తరువాత తెలిసినది. మా ఎదురింటివారు అటువంటిదానిని కొని, సిగ్నలు లేని గదిలోనే పెట్టుకొనిరి. తనకు వినబడని మాటను అది ఇతరులకు ఎట్లు వినిపించును? దానిని నడిమిగదికి మార్పించితిని, కొంత మేలైనది. అయినను ఒకే నోటితో వినుటయు పలుకుటయు చేయు చవుకరకము గనుక వేగమున సుమారు సగము దానికే పోవుచున్నది. తీగ లాగగలిగిన చోట తీగను మించినది లేదని నా దృఢవిశ్వాసము.

హైదరాబాదులో మా తమ్మునిది వేఱు బాధ. అపార్టుమెంటులో అతని ఫోనునకు ఇరుగుపొరుగుల వైఫైలు ముప్పది కనబడును. మన దేశమున 2005 జనవరినుండి 2.4 గిగాహెర్ట్జుల పట్టికి లైసెన్సు అక్కఱలేదు. అందఱి సొత్తైనచోట త్రొక్కిసలాట తప్పదు. ఆ పట్టిలో ఒకదానినొకటి ఒరయని మార్గములు 1, 6, 11 అను మూడే. అతనికి 5 గిగాహెర్ట్జులే మేలనియు, అది గోడ దాటలేని బలహీనతయే అక్కడ పొరుగువారి గోలనుండి కాపాడుననియు ఫోనులో చెప్పితిని. మా యింట దోషమైనది అతనియింట గుణమైనది.

మొన్న శ్రావణమున వాన పట్టినది. నాలుగు చూరులనుండియు నీరు మండువాలోనికి ధారలుకట్టి పడుచుండగా, ఈ నీటితెరను తరంగము దాటునా యని నాకు బెంగపుట్టి, పెరటిగది వాకిట నిలిచి ఫోను చూచితిని. 58, ఒకమాఱు 59, మరల 58. లోపల పిల్ల తల యెత్తక లెక్క వ్రాసికొనుచున్నది. చినుకులు రూటరుమీద పడకుండ చెక్కపలకపైన తాటాకు గొడుగొకటి కట్టి, తలుపు ఓరగా తెఱచియుంచి, వచ్చి అరుగుమీద కూర్చుంటిని.