ఎనిమిదో నంబరు బూటు

మెడికల్ రిప్రజెంటేటివ్ ఉద్యోగంలో సగం పని నిలబడడమే. డాక్టరుగారి ముందు మందు గురించి చెప్పేది రెండు మూడు నిమిషాలు. దాని కోసం ఓపీ బయట గోడవారగా నిలబడేది గంట, ఒక్కోసారి గంటన్నర. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోం, అవి పేషెంట్లవి. ఇస్త్రీ చొక్కా, టై, భుజాన శాంపిళ్ళతో బరువెక్కిన బ్యాగు, కాళ్ళకు నల్ల లెదరు బూట్లు. నాది రాయగడ హెడ్‌క్వార్టరు. గుణుపురం, బిసంకటక్, మునిగుడ ఒకవైపు. లక్ష్మీపురం మీదుగా కోరాపుట్, సునాబేడ, జయపురం ఇంకోవైపు. ఈ ఉద్యోగంలో చాలా తప్పులు చేశాను గానీ, బూట్ల విషయంలో చేసినన్ని ఎందులోనూ చెయ్యలేదు. వాటిని డబ్బిచ్చి మరీ చేశాను.

రాయగడ, కోరాపుట్ 1936లో ఒరిస్సాలో చేరేదాకా విశాఖపట్నం జిల్లాలోనివే. హద్దు మారినా మా కొనుగోళ్ళ దారి మారలేదు. పెళ్ళిబట్టలకీ బూట్లకీ పార్వతీపురమో విజయనగరమో వెళ్ళడం మా ఇళ్ళల్లో అలవాటు. ఉద్యోగంలో చేరగానే నేనూ అలాగే వెళ్ళి, ముక్కు సన్నగా సాగిన, అద్దంలా మెరిసే జత కొన్నాను. లేసులు బిగిస్తే రెండు రెక్కలూ దగ్గరకొచ్చి మూసుకుపోయే రకం. దాన్ని ఆక్స్‌ఫర్డ్ అంటారని తర్వాత తెలిసింది. పొద్దున్నే షాపు తెరవగానే వెళ్ళాను. పాదం అప్పటికింకా పల్చగా ఉంటుంది. రోజంతా నిలబడితే సాయంత్రానికి నీరు దిగి ఉబ్బుతుంది. బూట్లు సాయంత్రమే కొనాలన్న ముక్క అప్పుడెవరూ చెప్పలేదు. కాస్త పట్టేసినట్టుంది అంటే, "వాడగా వాడగా సాగుతాయి సార్" అన్నాడు కుర్రాడు. నమ్మడానికి సిద్ధంగా ఉన్నవాణ్ణి నమ్మించడం ఎంతసేపు.

లెదరు సాగేమాట నిజమే. అయితే అడ్డంగా ఏదో కొంచెం సాగుతుంది తప్ప, ముక్కు దగ్గర అచ్చు మారదు. అక్కడ లోపల గట్టి అట్ట పెట్టి ఉంటుంది. నా పాదమా, చిన్నప్పుడంతా ఉత్తకాళ్ళతోనో హవాయి చెప్పులతోనో తిరిగి చేటలా విప్పారినది. మే నెలలో రాయగడ ఎండకి మధ్యాహ్నం కాకుండానే బూటులో పెనుగులాట మొదలయ్యేది. రాత్రి లాడ్జీలో సాక్సు విప్పితే చిటికెన వేలు పక్కవేలి కిందికి దూరిపోయి, తెల్లగా నాని, గోరు అంచున రక్తం చారికతో కనబడేది. కొత్తబూట్లు కరవడం మామూలేగా అని సరిపెట్టుకున్నాను. కొత్తదనం పోయినా కరవడం మానలేదు.

అప్పుడు అందరూ చేసే పనే చేశాను. ఎనిమిది కరుస్తోంది కదా అని తొమ్మిది కొన్నాను. మన షాపుల్లో నడిచే ఇంగ్లీషు సైజుల్లో ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అదంతా పొడవులోనే. వెడల్పు పెరిగేది అంతంతమాత్రం. ముందు వేళ్ళు నొక్కుకుంటూనే ఉన్నాయి, వెనక మడమ మాత్రం అడుగడుక్కీ లేచి ఒరుసుకుని బొబ్బలెక్కింది. బూటు మడత పడే చోటు ఒకటి, నా వేళ్ళు మడత పడే చోటు ఒకటి అయ్యింది. దానికి విరుగుడని లోపల మందపాటి జెల్ షీటు వేశాను. అది పాదాన్ని పైకి లేపింది, మీగాలు లేసుల కింద నలిగిపోయింది. ఒక నొప్పి పోగొట్టబోయి మూడు తెచ్చుకున్నాను. పైగా ఆ జతకి పెట్టిన డబ్బుతో ఇంటి అద్దె కట్టెయ్యొచ్చు.

రాయగడ బజారులో చెప్పులు కుట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మడమ దగ్గర మెత్తటి ముక్క కుట్టమని ఇస్తే, కుట్టకుండా ముందు బూటు కిందికీ పైకీ తిప్పి చూశాడు. తర్వాత పాత పేపరు పరిచి, సాక్సు విప్పి దానిమీద నిలబడమన్నాడు. కూర్చోవడం కాదు, నిలబడాలి. బరువు పడితేనే పాదం పరుచుకుంటుంది. చెవి మీద పెట్టుకున్న పెన్సిలు తీసి, నిటారుగా పట్టుకుని, పాదం చుట్టూ గీత గీశాడు. ఆ గీతమీద నా బూటు పెట్టాడు. చిటికెన వేలివైపు ఒక వేలెడు, బొటనవేలివైపు ఇంకాస్త, నా పాదం బూటు బయటికి కనిపిస్తోంది.

"పాదం ఇంతుంది, బూటు ఇంతుంది. మిగిలిందంతా ఎక్కడికెల్తాది బాబూ?"

డాక్టర్లకు రోజూ చార్టులూ గ్రాఫులూ చూపించే నాకు ఎవరూ చూపించని బొమ్మ అది. ఇంకో సంగతి కూడా చెప్పాడు. నా ఎడమ పాదం కుడిదానికన్నా కొంచెం పెద్దదట. చాలామందికి రెండు పాదాలూ ఒకే సైజులో ఉండవట. పెద్ద పాదానికి సరిపడా కొని, చిన్నదాంట్లో పల్చటి షీటు వెయ్యాలి తప్ప తిరగెయ్యకూడదు. నేను ఎప్పుడూ కుడికాలే చాపి చూసుకునేవాణ్ణి.

ఇది నా ఒక్కడి పాదం గొడవ కాదని తర్వాత పేపర్లో చదివాను. చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ సీఎల్ఆర్ఐ, 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు, దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలు కొలిచింది. యూరోపు, అమెరికా వాళ్ళకన్నా మనవాళ్ళ పాదాలు వెడల్పు అని తేలింది. వెడల్పు చాలక మనం పొడుగు బూట్లు కొంటున్నామన్నది దాని సారం, అంటే నా తొమ్మిదో నంబరు కథే. మన పాదాలకు 'భా' అనే కొత్త సైజుల పద్ధతి తేవాలని సిఫారసు చేశారు. అమెరికాలో చార్లెస్ బ్రానాక్ అనే ఆయన పొడవుతోపాటు వెడల్పూ కొలిచే లోహపు పలకని 1920లలోనే తయారుచేశాడు. నేను వెళ్ళిన షాపుల్లో ఉన్నది పొడవు కొలిచే చెక్క ఒక్కటే. అదీ అడిగితే తీస్తారు.

అసలీ మూసిన బూట్ల మోజు మనకెక్కడిదంటే, అదో పెద్ద కథ. దొరల ముందుకు చెప్పులు విప్పి వెళ్ళాలన్నది ఈస్టిండియా కంపెనీ రోజుల ఆనవాయితీ. 1854లో, డల్హౌసీ గవర్నర్ జనరలుగా ఉన్నప్పుడు, విలాయతీ తరహా బూట్లు వేసుకున్న దేశీయులు దర్బారుకి వాటితోనే రావచ్చన్నారు. నాటు చెప్పులకు ఆ వెసులుబాటు లేదు. 1862లో సూరత్ కోర్టులో ఒక పార్సీ పెద్దమనిషి బూట్లు విప్పనంటే అదో పెద్ద వివాదమైంది. బూటుంటే గుమ్మం దాటొచ్చు, చెప్పైతే బయటే. మా ఏరియా మేనేజరు ఇప్పటికీ ముందు బూట్లు చూసి తర్వాత మొహం చూడడానికి మూలం అక్కడే ఉందేమోనని నాకో అనుమానం.

ఇక స్టైలు మాట. పెద్దాయన గీసిన కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని షాపులకి తిరిగితే తెలిసిందేమిటంటే, డాక్టరుకు కనబడే బూటు వేరు, నా కాలికి తగిలే బూటు వేరు. బల్లకి అటువైపు కూర్చున్న మనిషికి కనిపించేది నల్లరంగు, పాలిష్, లేసుల ముడి. అంతే. ముక్కు ఎంత సన్నమో ఎవరూ కొలవరు. డెర్బీ రకంలో లేసుల రెక్కలు పైన విడిగా ఉంటాయి, సాయంత్రం కాలు ఉబ్బినప్పుడు రెండు లాగులు వదులు చేసుకోవచ్చు. ఆక్స్‌ఫర్డులో ఆ వీలు తక్కువ. ముక్కు గుండ్రంగా ఉండాలి, కాలి బొటనవేలి ముందు చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, మడమ కదలకూడదు. అడుగు లెదరు సోలు వద్దు; తడిగుడ్డ పెట్టిన ఆస్పత్రి టైల్స్ మీద ఒకసారి జారి, శాంపిళ్ళన్నీ వరండాలో చల్లాక ఆ ముచ్చట తీరింది. అంచు పల్చగా ఉన్న రబ్బరు సోలు దూరం నుంచి లెదరులాగే కనిపిస్తుంది.

ఇన్ని నేర్చుకున్నాక కూడా ఇంకో తప్పు మిగిలే ఉంది. పాదానికి సరిగ్గా కుదిరిన జత ఒకటి దొరికితే, దాన్ని పాడుచెయ్యడం ఇష్టంలేక మీటింగులకని కోరాపుట్‌లో నేను దిగే గదిలో దాచాను. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. వానాకాలం ఆ గదిలో బెల్టుకీ బూజే, బ్యాగుకీ బూజే. దాచిన జతని తుడిచి, పాలిష్ పట్టించి, విశాఖపట్నంలో సైకిల్ మీటింగుకి, అంటే అమ్మకాల లెక్కలు చూసే మా కంపెనీ సమావేశానికి, వేసుకెళ్ళాను. హోటలు హాల్లో నా టార్గెట్లు చెప్పడానికి లేచి స్టేజీవైపు నడుస్తుంటే కాళ్ళకింద ఏదో మెత్తగా పొడి అవుతోంది. వెనక్కి చూస్తే తివాచీ మీద నా కుర్చీ నుంచి నేనున్న చోటిదాకా నల్లటి ముక్కలు, మడమ సగం ఊడిపోయి. వెనక వరసలో ఎవరో "గురూ, సేల్స్ కూడా ఇలాగే రాల్చావా" అన్నారు. అమ్మకాల మాట తర్వాత ఎవరూ అడగలేదు, ఆ ఒక్క మేలు జరిగింది.

ఆ సోలు పాలీయురెథేన్. తేలిక, మెత్తన, అందుకే నిలబడే ఉద్యోగాలకి బావుంటుంది. కానీ గాలిలో తేమ పట్టి లోపలి రసాయన బంధాలు మెల్లగా తెగిపోతాయి. వాడకుండా ఉంచినా అంతే. నేను జాగ్రత్త అనుకున్నదే దాని ప్రాణం తీసింది. అప్పట్నుంచి రెండు జతలు రోజు మార్చి రోజు వేస్తున్నాను. ఒక రోజు చెమట ఆరడానికి లెదరుకి ఇంకో రోజు కావాలి. తడిస్తే పేపర్లు కుక్కి నీడలో పెడతాను. ఒకసారి తొందరపడి గ్యాస్ పొయ్యి పక్కన పెడితే చర్మం వేసవి చెరువులా బీటలు తీసింది.

ఈ మధ్య విజయనగరంలో షాపంతా వెతికితే కాగితం మీది గీతకి సరిపోయింది ఒకే ఒక్క జత. గుండ్రటి ముక్కు, నల్ల డెర్బీ. మా ఆవిడ చూసి "పోలీసోళ్ళ బూట్లలా ఉన్నాయండీ" అంది. ఉన్నాయి, కాదనను. మా జూనియర్లు నల్ల స్నీకర్లు వేసుకొస్తున్నారు, కొత్త మేనేజర్లు ఏమీ అనడం లేదు. నాకింకా మనసొప్పడం లేదు.

ఎడమ బొటనవేలి మొదట్లో ఎముక మాత్రం పక్కకి పొడుచుకొచ్చి అలాగే ఉండిపోయింది. ఇది వంశంలో ఉన్నా వస్తుందట, మా నాన్నకైతే లేదు. ఆపరేషను తప్ప దాన్ని వెనక్కి నెట్టేది ఏదీ లేదని, నొప్పి లేనప్పుడు దాని జోలికి వెళ్ళొద్దని ఆర్థోపెడిక్ డాక్టరు చెప్పాడు. అందుకని జత కొన్నప్పుడల్లా ఆ చోట సుద్దతో గుర్తుపెట్టి పెద్దాయనకిస్తాను. ఆయన లెదరుని లోపలివైపు నుంచి తడిపి, కర్ర అచ్చు దిగ్గొట్టి, రాత్రంతా ఉంచి ఇస్తాడు. ఎడమ బూటుకి మాత్రమే డబ్బు తీసుకుంటాడు.