కుమారుని నుండియు

ఫ్లోరెన్స్‌లో రైలు దిగి బయటికి రాగానే కనబడే చర్చి మనవైపు వీపు పెట్టి ఉంటుంది. స్టేషనుకూ దానికీ ఒకటే పేరు, సాంతా మారియా నొవెల్లా. ముఖం చూడాలంటే పెట్టె లాక్కుంటూ చుట్టూ తిరిగి అవతలి మైదానంలోకి వెళ్లాలి. తెలుపు, ఆకుపచ్చ పాలరాళ్లు పేర్చిన ఆ ముఖం ముందు అందరూ ఫొటోలు దిగుతున్నారు. మేం టికెట్టు కొనుక్కుని లోపలికి నడిచాం.

మాది గుంటూరు. చిన్నప్పుడు మా లూథరన్ చర్చిలో ప్రభువు బల్ల ఉన్న ఆదివారాల్లో అందరం లేచి నిలబడి నైసియా విశ్వాస ప్రమాణం చెప్పేవాళ్లం. పరిశుద్ధాత్మ తండ్రి నుండి బయలుదేరుతాడని చెప్పే చోట, ‘కుమారుని నుండియు’ అన్న ముక్క కూడా వస్తుంది. అది నాకు నోటి అలవాటు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నాటి ప్రమాణంలో ఆ ముక్క లేదనీ, పడమటి సంఘాలు తరవాత చేర్చుకున్నాయనీ, తూర్పు సంఘాలు ఇప్పటికీ దాన్ని పలకవనీ పెద్దయ్యాక చదివాను. లాటిన్‌లో అది ఒక్కటే మాట, ఫిలియోక్వే. ఆ మాట మీద రాజీ కోసం ఒక చక్రవర్తీ, ఒక పీఠాధిపతీ సముద్రం దాటి వచ్చిన ఊరు చూడాలని ఎన్నాళ్ల కోరికో.

లోపల మసాచ్చో గీసిన త్రిత్వం బొమ్మ దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. వెనక తండ్రి నిలబడి ఉన్నాడు, ముందు సిలువ మీద కుమారుడు. ఇద్దరి మధ్య, తండ్రి గడ్డానికీ కుమారుడి తలకీ నడుమ, తెల్ల పావురం. మా ఆవిడ చాలాసేపు చూసి, “ఏమండీ, ఆ పావురం ఎవరి దగ్గర్నుంచి వస్తున్నట్టు?” అంది. సరిగ్గా ఆ ప్రశ్నే 1439లో ఈ ఊళ్లో నెలల తరబడి నలిగింది. తూర్పు సంఘాల గ్రీకులు ఇక్కడికి వచ్చేనాటికి ఈ బొమ్మ రంగులారి దాదాపు పన్నెండేళ్లయింది. పోప్ నాలుగో యూజీనియస్ బస కూడా ఈ మఠంలోనే.

కుడిచేతి వైపు వెళితే గోడలో ఒక సమాధి. మీద గ్రీకు అంగీలో, పొడవాటి గడ్డంతో ఒక ముసలాయన బొమ్మ. కాన్‌స్టాంటినోపుల్ పీఠాధిపతి రెండో జోసెఫ్. అక్కడ ఎవరూ ఆగడం లేదు. ఆయన కోసమే వచ్చినవాళ్లం మేమిద్దరమే అనిపించింది.

ఆయన కథ తెలియాలంటే ముందు ఆ రాజ్యం గతి తెలియాలి. మన దగ్గర శ్రీనాథుడి కాలం అది. అటు బైజాంటిన్ సామ్రాజ్యమంటే రాజధాని, దాని చుట్టుపక్కల కాస్త నేల, గ్రీసు దక్షిణాన మరికొంత. మిగతాదంతా తురుష్కుల చేతిలోకి పోయింది. సైన్యం రావాలంటే పడమటి నుంచే రావాలి. అందుకు పోప్ మాట సాయం కావాలి, పోప్‌తో చెయ్యి కలపాలంటే విడిపోయిన సంఘాలు ఒకటి కావాలి. అదీ చక్రవర్తి ఎనిమిదో యోహాను లెక్క. పోప్‌కీ తన లెక్క ఉంది. బాసెల్ ఊళ్లో కూర్చున్న మరో సభ ఆయన అధికారాన్నే ప్రశ్నిస్తోంది. తూర్పును కలిపిన పోప్ అనిపించుకుంటే ఆ నోళ్లు మూతపడతాయి.

1437 నవంబరులో సుమారు 700 మంది ఓడలెక్కారు. ఫిబ్రవరిలో వెనిస్‌లో దిగారు. అక్కడి సెయింట్ మార్క్ చర్చిలో వాళ్లకు కనబడింది 1204 దోపిడీలో తమ ఊరి నుంచే ఎత్తుకొచ్చిన సొత్తు. అక్కణ్ణుంచి ఫెరారా. పీఠాధిపతి వంగి పోప్ పాదాన్ని ముద్దుపెట్టుకోవాలన్నారు. జోసెఫ్ ససేమిరా అన్నాడు. చివరికి పాదం వదిలేసి చెంప దగ్గర సర్దుకున్నారు. ఎవరి సింహాసనం ఎక్కడ, ఎంత ఎత్తున అన్నది మరో పంచాయితీ. మన పెళ్లిళ్లలో వియ్యంకుల మర్యాదల తగువులు చూసినవాళ్లకు ఇదేం కొత్త కాదు. పెళ్లి మాత్రం అంత తొందరగా తేలలేదు. వేసవిలో చనిపోయినవాళ్ల ఆత్మలను శుద్ధిచేసే మంటల గురించి వాదించారు, అక్టోబరు నుంచి ఫిలియోక్వే. ఈలోగా ప్లేగు వచ్చింది, పోప్ ఖజానా వట్టిపోయింది. గ్రీకులకు ఇస్తామన్న భత్యం నెలల తరబడి అందలేదు. ఆ జట్టులోని సిరోపౌలోస్ అనే మతాధికారి తన జ్ఞాపకాల్లో ఆ ఆకలినీ అవమానాన్నీ పూసగుచ్చినట్టు రాసుకున్నాడు. 1439 జనవరిలో సభను ఫ్లోరెన్స్‌కు మార్చడానికి పెద్ద కారణం, ఖర్చు భరించగల బ్యాంకరు కోసిమో దె మెదీచి ఇక్కడ ఉండటం.

జూన్ 10న జోసెఫ్ కన్నుమూశాడు. ఒప్పందం రాతలోకి రావడం ఆయన చూడలేదు. లాటిన్ రాతి పలకల మధ్య గ్రీకు ముసలాయన ఒంటరిగా ఉండిపోయాడు. కలయికలో చివరిదాకా మిగిలింది ఈ ఒక్క సమాధేనేమో.

అక్కణ్ణుంచి పెద్ద చర్చికి పది నిమిషాల నడక. బ్రునెలెస్కి కట్టిన గుమ్మటం కింద మెడ నొప్పెట్టేదాకా నిలబడ్డాం. 1436లో అది పూర్తయింది. మూడేళ్లకు, 1439 జూలై 6న, దాని కిందే ఐక్యత ప్రకటన చదివారు. లాటిన్‌లో కార్డినల్ చెజారినీ, గ్రీకులో నైసియా ఆర్చిబిషప్పు బెసారియన్. ‘కుమారుని నుండి’ అన్నా ‘కుమారుని ద్వారా’ అన్నా భావం ఒకటేనన్నారు. రొట్టె పులిసిందైనా పులియనిదైనా చెల్లుతుందన్నారు. పోప్ పెద్దరికాన్ని ఒప్పుకున్నారు. చక్రవర్తి ఎర్ర సిరాతో సంతకం చేశాడు. ఎఫెసు బిషప్పు మార్క్ మాత్రం కలం ముట్టలేదు. అది విన్న పోప్, అయితే మనం చేసిందేమీ లేదన్నట్టు మాట్లాడాడని సిరోపౌలోస్ రాశాడు. రాసిన ఆ సిరోపౌలోస్ కూడా సంతకం పెట్టినవాడే. తరవాత కుమిలిపోయాడు.

ఆ సాయంత్రం మెదీచిల పాత భవనంలోని చిన్న ప్రార్థనాలయం చూశాం. లోపలికి కొద్దిమందినే వదులుతారు. మూడు గోడల నిండా బెనోజ్జో గొజ్జోలి గీసిన, బాల యేసును చూడబోయే ముగ్గురు జ్ఞానుల, అంటే రాజుల, ఊరేగింపు. నడివయసు రాజులో చక్రవర్తి యోహానునూ, ముసలి రాజులో జోసెఫ్‌నూ చూడటం చాలాకాలంగా ఉన్న అలవాటు. చిత్రకారుడి ఉద్దేశం అదేనని పండితులందరూ ఒప్పుకోరు. నన్ను నిలబెట్టింది మరొకటి. 17వ శతాబ్దంలో మెట్ల కోసం గోడ కోసి జరిపినప్పుడు ముసలి రాజు వైపున్న ఒక గుర్రం రెండు ముక్కలైంది. మూలకు ఇటు సగం, అటు సగం. “అతికించారు కానీ కలవలేదు” అంది మా ఆవిడ.

ఫ్లోరెన్స్ వదిలేముందు మన ఊసొకటి చెప్పాలి. పోప్ కొలువు ఈ ఊళ్లో ఉన్న ఆ రోజుల్లోనే నికొలో దె కొంతి అనే వెనిస్ వర్తకుడు ఆయన ముందుకు వచ్చాడు. విజయనగరం దాకా వెళ్లి వచ్చినవాడు. దారిలో భార్యాబిడ్డల ప్రాణాలకు భయపడి మతం మార్చుకున్నాడు. క్షమించమని అడిగితే, చూసిందంతా తన కార్యదర్శి పోజ్జోకి చెప్పమన్నాడు పోప్. విజయనగరం గురించి యూరపు చదివిన తొలి కథనాల్లో ఒకటి అలా పుట్టింది. ఇంటివాళ్ల కోసం కొంతి విశ్వాసం మార్చుకున్నాడు, ఊరి కోసం యోహాను ఒక మాట ఒప్పుకున్నాడు. కొంతి భార్యనూ ఇద్దరు పిల్లలనూ ఈజిప్టులో ప్లేగు తీసుకుపోయింది. యోహాను 1440 ఫిబ్రవరిలో ఇల్లు చేరేసరికి భార్య పోయిన కబురు ఎదురొచ్చింది.

రెండు రోజుల తరవాత ఇస్తాంబుల్, ఒకప్పటి కాన్‌స్టాంటినోపుల్. హగియా సోఫియా ఇప్పుడు మసీదు. మాలాంటివాళ్లను పై అంతస్తు వసారాలోకే పంపుతారు. అక్కడ నేలలో ఒక పలక, దాని మీద దాందొలో పేరు. రాయి 19వ శతాబ్దంలో పెట్టిందే, పేరు మాత్రం పాతది. 1204లో శిలువ యోధులను ఈ ఊరి మీదికి నడిపించిన వెనిస్ పాలకుడు అతను. ఆ పలక దగ్గర నిలబడి కిందికి చూస్తే ఫ్లోరెన్స్ సంతకాలు ఇక్కడ ఎందుకు చెల్లలేదో అర్థమైంది. ఇక్కడి జనానికి ఐక్యత అంటే వేదాంతం కాదు, దోపిడీ జ్ఞాపకం. ఓడ దిగిన బిషప్పులను ఊరు నిలదీసింది. కొందరు సంతకాలు వెనక్కి తీసుకున్నారు. ఐక్యతకు సంతకం పెట్టిన కీవ్ మతాధిపతి ఇసిడోర్‌ను 1441లో మాస్కోలో నిర్బంధించారు, తప్పించుకుని పారిపోయాడు. సాయంగా బయల్దేరిన పడమటి సైన్యం 1444లో వార్నా దగ్గర ఓడింది. ఫ్లోరెన్స్ గుమ్మటం కింద లాటిన్ ప్రతి చదివిన చెజారినీ అక్కడే ప్రాణం విడిచాడు. గ్రీకు ప్రతి చదివిన బెసారియన్ ఇటలీలో కార్డినల్ అయ్యాడు, తన పుస్తకాలన్నీ 1468లో వెనిస్‌కు ఇచ్చేశాడు. 1452 డిసెంబరు 12న అదే ఇసిడోర్ ఈ హగియా సోఫియా గుమ్మటం కింద ఐక్యతను ప్రకటించాడు. ఐదున్నర నెలలకు, 1453 మే 29న, నగరం పడిపోయింది. నగరాన్ని గెలిచిన తురుష్క సుల్తాను పీఠాధిపతిగా కూర్చోబెట్టినవాడు గెన్నాడియోస్. ఫ్లోరెన్స్ సభకు వెళ్లి, తిరిగొచ్చాక ఐక్యతకు ఎదురు నిలిచినవాడు.

మర్నాడు ఆదివారం. ఫనార్ పేటలో పీఠాధిపతి ఉండే సెయింట్ జార్జి చర్చికి వెళ్లాం. బయటికి మామూలు కట్టడం, లోపల బంగారు తెర, సాంబ్రాణి పొగ. గ్రీకు నాకు రాదు. కానీ విశ్వాస ప్రమాణాన్ని తెలుగు లిపిలో రాసి తెచ్చుకున్నాను. ఎవరో పెద్దాయన పాటలా కాకుండా మామూలు గొంతుతో చదువుతున్నాడు. వేలితో వెంట నడిచాను. ‘పాత్రోస్’ వినబడింది. తండ్రి. నా పెదవులు అలవాటు కొద్దీ తరవాతి ముక్కకు కదిలిపోయాయి, తెలుగులో, మా అమ్మ పక్కన నిలబడి చెప్పినట్టే.

ఆయన ఆగలేదు. ఆ చోటు దాటి ముందుకు సాగిపోయాడు.