జీతం వచ్చే చోటే పొదుపు కూడానా?

సౌదీ అరేబియాలోని దమ్మాం, జుబైల్, అల్ ఖోబర్‌లలో పనిచేసే మనవాళ్లకు సంపాదించిన చోటే మదుపు చేసే వీలు ఈమధ్య బాగా పెరిగింది. ఇకామా (నివాస అనుమతి) మీద ఉంటున్న విదేశీయులు సౌదీ స్టాక్ ఎక్స్ఛేంజి తదావుల్‌లో షేర్లు కొనుక్కోవచ్చు. నిర్ణీత ప్రాంతాల్లో విదేశీయులు ఇళ్లూ స్థలాలూ కొనేందుకు వీలిచ్చే చట్టాన్ని అక్కడి మంత్రివర్గం 2025లో ఆమోదించింది. చమురు మీద ఆధారపడటం తగ్గించుకోవాలని 2016లో ప్రకటించిన విజన్ 2030 వల్ల కొత్త పరిశ్రమలు వస్తున్నాయి కాబట్టి ఇప్పుడే అక్కడ డబ్బు పెట్టాలని చాలామంది వాదిస్తారు. నా నిర్ణయం వేరు. నా పొదుపులో పదో వంతుకు మించి ఆ దేశపు షేర్లలో పెట్టను, అక్కడ ఆస్తి కొనను. ఆ ప్రాంతం ఎదగదని నేననడం లేదు. అక్కడి జీతం మీద బతికేవాడు ఒక్క షేరు కొనకముందే తన బతుకంతా ఆ ఎదుగుదల మీద పెట్టేశాడు, అదీ నా వాదన.

ముందుగా ఒప్పుకోవలసింది ఒప్పుకోవాలి. అక్కడ జరుగుతున్న మార్పు నిజమైనదే. 1938లో ధహ్రాన్ దగ్గర దమ్మాం 7వ నంబరు బావిలో చమురు పడింది. చేపలు పట్టుకునే ఊరైన జుబైల్‌ను పరిశ్రమల నగరంగా మార్చడానికి 1975లో రాయల్ కమిషన్ వేశారు. మరుసటి ఏడాది పెట్రోకెమికల్ సంస్థ సాబిక్ పుట్టింది. జుబైల్‌కు ఉత్తరాన రాస్ అల్ ఖైర్‌లో మాదెన్ సంస్థ అల్యూమినియం, ఫాస్ఫేట్ ఎరువులు తయారుచేస్తోంది. మన రైతులు వేసే డీఏపీలో కొంత సౌదీ నుంచే వస్తుంది. దేశ ఆర్థిక వ్యవస్థలో చమురేతర రంగాల వాటా 2023లో సగానికి చేరిందని ప్రభుత్వం చెబుతోంది. ఇదంతా కాగితాల మీది అభివృద్ధి కాదు.

అయితే ఈ కొత్త పరిశ్రమలకు పెట్టుబడి ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. 2024లో సౌదీ ప్రభుత్వ ఆదాయంలో సుమారు 60 శాతం చమురుదే. కొత్త ప్రాజెక్టులకు డబ్బు సమకూర్చే ప్రభుత్వ పెట్టుబడి నిధి పీఐఎఫ్, దాని అనుబంధ సంస్థల చేతిలో సౌదీ చమురు సంస్థ అరామ్‌కో షేర్లు 16 శాతం ఉన్నాయి. అరామ్‌కో డివిడెండు 2024లో సుమారు 124 బిలియన్ డాలర్లు. 2025కి దాన్ని దాదాపు 85 బిలియన్లకు తగ్గిస్తున్నట్టు ఆ సంస్థే ప్రకటించింది. ఆ తగ్గుదల ప్రభుత్వ ఖజానానూ పీఐఎఫ్‌నూ రెండింటినీ తాకుతుంది. కొన్ని ప్రాజెక్టులు 2030 తర్వాతకు వాయిదా పడతాయని ఆర్థిక మంత్రి మహమ్మద్ అల్ జదాన్ 2023 డిసెంబరులోనే చెప్పారు. ఒకే చెరువు కింద ఎన్ని రకాల పంటలు వేసినా, చెరువు ఎండితే అన్ని మడులూ ఎండుతాయి. చమురు డబ్బుతో నడిచే చమురేతర పరిశ్రమల సంగతీ నేటికి అంతే.

ఇప్పుడు జుబైల్‌లో వెల్డరుగానో, పైప్ ఫిట్టరుగానో పనిచేసే మనిషి జీతం చీటీ చూద్దాం. బేసిక్ తక్కువ. ఇంటికి పంపే డబ్బులో పెద్ద భాగం ఓవర్‌టైం. ఆ ఓవర్‌టైం ప్లాంట్ల షట్‌డౌన్ పనులప్పుడూ కొత్త ప్రాజెక్టులప్పుడూ వస్తుంది. చమురు ధర పడితే కొత్త టెండర్లు ఆగుతాయి, ముందు ఓవర్‌టైం పోతుంది, ఆ తర్వాత కాంట్రాక్టు, చివరికి ఫైనల్ ఎగ్జిట్, అంటే దేశం విడిచి శాశ్వతంగా తిరుగుప్రయాణం. సర్వీసు ముగిశాక ఇచ్చే డబ్బు మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం చొప్పున లెక్కగడతారు. చేతికి వచ్చేదాకా అది కంపెనీ దగ్గరున్న బాకీయే. 2014లో వంద డాలర్లు దాటి ఉన్న బ్యారెల్ 2016 మొదట్లో 30 కిందికి పడింది. ఆ ఏడాదే జీతాలు అందక వేలాదిమంది భారతీయ కార్మికులు సౌదీ క్యాంపుల్లో చిక్కుకుంటే, విదేశాంగ సహాయమంత్రి వి.కె. సింగ్ అక్కడికి వెళ్లవలసి వచ్చింది. 2017 జులై నుంచి కుటుంబ సభ్యుల మీద తలకు నెలకు 100 రియాళ్ల రుసుము పెట్టి, 2020కి 400కు పెంచారు. భార్యాపిల్లలను ఇంటికి పంపించేసినవాళ్లు ఎందరో. ప్రవాస కుటుంబాలు ఖాళీ చేసి వెళ్లే చోట అద్దెల మీద ఆశతో ఫ్లాటు కొనడం ఎంత ప్రమాదమో ఇంతకంటే చెప్పనక్కర్లేదు. ఉద్యోగం, ఇకామా, సర్వీసు డబ్బు, షేరు, ఫ్లాటు, అన్నీ ఒకే కారణంతో ఒకే నెలలో పడిపోయే ఏర్పాటును పెట్టుబడి అనలేను.

రియాలు డాలరుకు 3.75 చొప్పున 1986 నుంచి స్థిరంగా ఉంది కదా, రూపాయి కంటే అదే మేలు కదా అని ఒక అభ్యంతరం. నిజమే, 2014లో 16 రూపాయలున్న రియాలు పదేళ్లలో 22 దాటింది. కానీ ఆ లాభం డాలరుది, జుబైల్ షేర్లది కాదు. భారతీయ బ్యాంకులో ప్రవాసుల కోసం ఉండే డాలరు ఎఫ్‌సీఎన్ఆర్ డిపాజిట్ వేసినా అదే రక్షణ దొరుకుతుంది. మన దేశంలో మాత్రం నష్టభయం లేదా అని మరో అభ్యంతరం. ఉంది. ఊరి శివార్లలో ప్లాట్ల మీదే డబ్బంతా పెట్టడాన్నీ నేను సమర్థించను. కాకపోతే హైదరాబాద్‌లో మదుపు దెబ్బతిన్న నెలలోనే జుబైల్‌లో ఉద్యోగం పోవాలని లేదు. రెండు నష్టాలూ కలిసి రాకపోవడమే మధ్యతరగతి ఇంటికి అసలైన రక్షణ.

అందుకే నా క్రమం ఇది. ముందు ఇంటికి ఏడాది ఖర్చు ఎన్ఆర్ఈ ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి. ప్రవాసిగా ఉన్నంతకాలం ఆ వడ్డీకి మన దేశంలో ఆదాయపన్ను లేదు. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో 5 లక్షల వరకే కాబట్టి డబ్బును రెండు మూడు బ్యాంకుల్లో పెడతాను. తర్వాత కొంత డాలరు డిపాజిట్, మిగతాది దీర్ఘకాలానికి భారతీయ ఇండెక్స్ ఫండ్లు. ఆ తర్వాతే తదావుల్, అదీ పదో వంతులోపు. హైదరాబాద్‌లో జీతం తీసుకునేవాడికి అదే సౌదీ షేరు మంచి మదుపు కావచ్చు, అతని ఇల్లు చమురు ధర మీద నడవదు గనుక. జుబైల్‌లో ఉన్నవాడు మాత్రం అక్కడి వృద్ధిలో తన వాటాను నైపుణ్యం రూపంలో తీసుకోవాలి. వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్, ఇన్‌స్ట్రుమెంటేషన్ వంటి సర్టిఫికెట్ల మీద పెట్టిన ఖర్చు కొత్త ప్లాంట్లలో జీతంగా తిరిగి వస్తుంది, ఫైనల్ ఎగ్జిట్ పడినా ఆ పని మనిషితోనే వస్తుంది. ఆ ప్రాంతం మీద మనకెంత నమ్మకం ఉన్నా దాన్ని చూపవలసింది చేసే పనిలోనే. ఇంటివాళ్ల భద్రత కోసం దాచిన డబ్బును ఆ నమ్మకానికి పణంగా పెట్టే హక్కు మనకు లేదు.