బండిలో తెర... బయట అడవి!

సంక్రాంతి సెలవులు, నాగోబా జాతర, ఎండాకాలం పెళ్లిళ్లు... కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు ఇంటిల్లిపాదీ ఒకే బండిలో బయల్దేరే సందర్భాలకు కొదవేముంది! ముందు సీట్లో నాన్న, మధ్యలో అమ్మ, నానమ్మ, వెనకాల పిల్లలు. ఊరు దాటకముందే ‘ఇంకెంత దూరం?’ అన్న ప్రశ్న మొదలవుతుంది. ఆ ప్రశ్నకు జవాబుగానే ఇన్నోవాల్లోకి, ఎర్టిగాల్లోకి, బొలెరోల్లోకి ఫ్లాట్ స్క్రీన్ వచ్చి చేరింది. పెన్‌డ్రైవ్ పెడితే చాలు, రెండు సినిమాలయ్యేసరికి ఊరొచ్చేస్తుంది.

వీడియో కోచ్ బస్సులు గుర్తున్నాయా? డ్రైవర్ వెనకాల, పైన, ఇనుప చట్రంలో డబ్బా టీవీ ఉండేది. అది బరువని అందరికీ తెలుసు. అందుకే కదలకుండా గట్టిగా బిగించేవారు. ఇప్పటి తెర పలచన. తెర పలచబడింది కదా అని బిగింపు కూడా పలచబడిపోయింది. రెండు వైపులా అంటుకునే టేపు, వెల్‌క్రో పట్టీ, అద్దానికి అతుక్కునే రబ్బరు మూతి... వీటితో పనైపోయిందనుకుంటున్నాం. నున్నటి రోడ్డు మీద అది నిలుస్తుందేమో కానీ, కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దారి ఒక్కటే రకం కాదు. ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు, గోదావరి, అడవి, మెలికలు, ఎండ... అన్నీ ఈ ఒక్క ప్రయాణంలోనే ఎదురవుతాయి. బండిలో తెర సరిగ్గా బిగించారో లేదో తేల్చడానికి ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. రండి, ఆ దారినే వెళ్దాం.

కొండగట్టు దాకా... బరువు లెక్క

కరీంనగర్ దాటి గంగాధర మీదుగా జగిత్యాల వైపు వెళ్తుంటే కొండగట్టు వస్తుంది. అంజన్నకు దండం పెట్టుకోకుండా ముందుకెళ్లే బండి అరుదు. 2018 సెప్టెంబరు 11న ఈ కొండ ఘాట్‌రోడ్డులోనే ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. ఆ దారిన వెళ్లే ప్రతి కుటుంబానికీ ఆ రోజు గుర్తుంటుంది. బండి ఒక్కసారిగా ఆగినప్పుడు లోపలున్న మనుషులు, వస్తువులు అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటారు. ప్రాణం తీసేది చాలాసార్లు అదే.

చిన్న లెక్క చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేన్నో గుద్దుకుని, సెకనులో పదో వంతు కాలంలో ఆగిందనుకుందాం. అప్పుడు లోపలున్న ప్రతి వస్తువు మీదా దాని బరువుకు దాదాపు 14 రెట్ల బలం పడుతుంది. అంటే రెండు కిలోల తెరను 28 కిలోల బరువు పట్టి లాగినట్టే! ఇంట్లో వాడే ఐదు కిలోల టీవీని తెచ్చి పెడితే ఏకంగా 70 కిలోలు. టేపు ఆపుతుందా? వెల్‌క్రో ఆపుతుందా? ఊడివచ్చిన తెర గాల్లో ఎగిరి తగిలేది వెనక కూర్చున్న పిల్లలకో, ముందున్నవాళ్ల తలకో!

అందుకే మొదటి నియమం: పెద్ద తెర మోజు వద్దు. బండిలో రెండు అడుగుల దూరం నుంచి చూసే పిల్లలకు పది అంగుళాల తెర చాలు. బరువు తగ్గితే ప్రమాదం కూడా అంతే తగ్గుతుంది.

ధర్మపురి రేవు దగ్గర... ఎక్కడ బిగించాలి?

జగిత్యాల దాటాక ధర్మపురి. నరసింహస్వామి గుడి, పక్కనే యముడి గుడి, ముందు గోదావరి. బండి ఆపి పిల్లలు నీళ్లలో కాళ్లు తడుపుకునేలోగా మనం తెర జాగా చూద్దాం. బండిలో దానికి పనికొచ్చే చోట్లు రెండే.

మొదటిది ముందు సీట్ల హెడ్‌రెస్ట్. దిండులా కనిపించే ఆ భాగం కింద రెండు ఇనుప కడ్డీలుంటాయి. క్లాంపు ఆ రెండు కడ్డీలనూ పట్టుకోవాలి. దిండు చుట్టూ పట్టీ కట్టడం బిగింపు కాదు, వేలాడదీయడం. హెడ్‌రెస్ట్ పైకి ఊడిరాకుండా దాని తాళం పడిందో లేదో కూడా చూడాలి.

రెండోది పైకప్పు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. మనకు కనిపించే కప్పు గుడ్డ అంటించిన పలచటి అట్ట. దానికి స్క్రూలు దింపితే గోడకు కాకుండా క్యాలెండరుకు మేకు కొట్టినట్టే. ఆ అట్టకు పైన, రేకుకు కింద అడ్డంగా ఇనుప బద్దీలుంటాయి. బోల్టు వాటికే పడాలి. బద్దీ దొరక్కపోతే ఆ చోటు వదులుకోవాలి తప్ప పలచటి రేకుకు బిగించకూడదు. కొత్త బండ్లలో కిటికీల పైఅంచున, స్తంభాల లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగులుంటాయి. అటువైపు స్క్రూ దింపడం, వైరు లాగడం బొత్తిగా పనికిరాదు. అవసరమైనప్పుడు ఆ బ్యాగు తెరుచుకోదు. తెరుచుకున్నా మధ్యలో ఉన్న సామాను విసిరికొడుతుంది.

మరి డ్యాష్‌బోర్డు? అక్కడ సినిమా మాటే వద్దు. డ్రైవర్‌కు బొమ్మ కనబడిందంటే రోడ్డు కనబడనట్టే.

చాలా తెరల వెనక నాలుగు రంధ్రాలుంటాయి. వాటి మధ్య దూరం 75 లేదా 100 మిల్లీమీటర్లు. ప్రపంచమంతా ఒప్పుకున్న కొలత ఇది. వాటికి నాలుగు మిల్లీమీటర్ల స్క్రూలు పడతాయి. నాలుగూ పెట్టండి, రెండుతో సరిపెట్టకండి. మరీ పొడుగు స్క్రూ అయితే లోపలి పలకను పొడుస్తుంది. మామూలు నట్టు అదురుకు వదులవుతుంది కాబట్టి లోపల నైలాన్ ఉండే నైలాక్ నట్టు అడగండి. మధ్యలో రబ్బరు వాషరు వేస్తే అదురు తెరకు తగ్గుతుంది.

బిగించాక పరీక్ష సులువు. రెండు చేతులతో తెరను పట్టుకుని గట్టిగా లాగండి. కదిలితే సీటు కదలాలి, తెర కాదు.

జన్నారం... బ్రేకు ఎప్పుడు పడుతుందో!

రాయపట్నం దగ్గర గోదావరి దాటితే లక్షెట్టిపేట, దండేపల్లి, ఆపై జన్నారం. 2016 అక్టోబరు 11న జిల్లాల విభజన జరిగాక ఇదంతా మంచిర్యాల జిల్లా. పాత లెక్కలో చెప్పాలంటే ఆదిలాబాద్‌లో అడుగుపెట్టాం. ఇక్కడ్నుంచి టేకు చెట్లు దగ్గరికొస్తాయి. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి ఇదే. చుక్కల దుప్పులు, కణుజులు, నీల్‌గాయ్‌లు, అడవి పందులు రోడ్డు దాటేచోటు. వాటికి హారన్ తెలియదు, జీబ్రా లైన్లు తెలియవు. బ్రేకు ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

అందుకే ఈ అడవిలో డ్రైవర్ కళ్లు, చెవులు రెండూ రోడ్డు మీదే ఉండాలి. పైకప్పుకు వేలాడే తెర లోపలి అద్దంలో వెనక దారి కనపడకుండా చేస్తుంది. ముందు కూర్చుని అద్దం చూసి, అడ్డొస్తే జాగా మార్చండి. చీకటి పడ్డాక తెర వెలుగు ముందు అద్దంలో ప్రతిబింబిస్తుంది. సగం అద్దంలో హీరో ఫైటింగ్, సగం అద్దంలో దుప్పి! పిల్లలకు ఇయర్‌ఫోన్స్ ఇస్తే డ్రైవర్ చెవులకూ విశ్రాంతి.

ఇంకో మాట. తెర ఎంత గట్టిగా ఉన్నా, దాని ముందు పిల్లలు బెల్టు లేకుండా నిలబడితే అంతా వృథా. తెర ఎగిరి పిల్లలకు తగలకపోయినా, పిల్లలే ఎగిరి తెరకు తగులుతారు. వెనక సీట్లోవాళ్లూ బెల్టు పెట్టుకోవాలని మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. తెర అంచులు పదునుగా ఉంటే స్పాంజి బద్దె అంటించండి.

ఉట్నూరు మెలికలు... కడుపులో తిప్పుడు

జన్నారం నుంచి ఉట్నూరు వైపు దారి మెలికలు తిరుగుతుంది. పిల్లలు వాంతులు చేసుకునేది ఇలాంటి చోటే. లోపలి చెవి బండి తిరుగుతోందని చెబుతుంది. తెర మీదున్న కళ్లేమో అంతా నిలకడగానే ఉందంటాయి. మెదడుకు వచ్చే ఆ తికమకే కడుపులో తిప్పుడు! తెర ఒడిలోకి దిగి ఉంటే ఇది ఇంకా ఎక్కువ. కంటి ఎత్తులో బిగిస్తే కొంత నయం. మెలికల్లో తెర ఆపేసి కిటికీలోంచి దూరంగా చూడమనడం అన్నిటికంటే మేలు.

మడతబందు ఉన్న స్టాండు అయితే మూసినప్పుడు ‘టక్’మని పడి నిలవాలి. గతుకులకు దానంతటదే జారి తెరుచుకుంటే అది పనికిరాదు. దీనికి తోడు సన్నటి స్టీలు తీగ ఒకటి, ఒక కొస తెర ఫ్రేముకు, ఇంకో కొస కడ్డీకో బద్దీకో కట్టండి. బోల్టు ఎప్పుడైనా ఊడినా తెర వేలాడుతుంది తప్ప ఎగరదు.

కేస్లాపూర్... బ్యాటరీ సంగతి

ఉట్నూరు తర్వాత ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న ఇక్కడ గోండుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ఆ అమరుల స్తూపం దగ్గర బండి ఆపి పిల్లలకు రెండు ముక్కలు చెప్పడం మన బాధ్యత. ఇదే మండలంలో కేస్లాపూర్. పుష్య అమావాస్యకు నాగోబా జాతర. పూజకు గోదావరి నీళ్లు కావాలి. మెస్రం వంశీయులు ఆ నీటి కోసం జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్లి, కాలినడకనే తిరిగొస్తారు. మనం ఒక సినిమాలో దాటేసిన దారి వాళ్లకు రోజుల నడక! ఝరిలో నీళ్లను ఎంత భద్రంగా మోసుకొస్తారో చూస్తే, ప్రయాణంలో వస్తువును పదిలంగా ఉంచుకోవడమంటే ఏమిటో అర్థమవుతుంది.

జాతరలో బండి ఆపి, పిల్లలను లోపల కూర్చోబెట్టి సినిమా పెట్టేవాళ్లుంటారు. తిరిగొచ్చేసరికి బండి స్టార్టవదు! కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి కాకుండా, తాళం తిప్పితేనే వచ్చే లైను నుంచి తీసుకోవాలి. 24 వాట్ల తెర 12 వోల్టుల మీద రెండు ఆంపియర్లు లాగుతుంది. కాబట్టి దానికి విడిగా మూడు ఆంపియర్ల ఫ్యూజు, అదీ కరెంటు తీసుకున్నచోటికి దగ్గర్లోనే వేయాలి. వైరు ఎక్కడైనా ఒరుసుకుని కాలితే ఆ చిన్న ఫ్యూజే బండిని కాపాడుతుంది. సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాల మధ్య వైరు పోనివ్వకండి. 230 వోల్టుల ఇంటి తెరను ఇన్వర్టర్ పెట్టి నడపడం కంటే 12 వోల్టులతో నడిచేదే కొనడం నయం.

ఆదిలాబాద్... ఎండా, చలీ

గుడిహత్నూర్ దగ్గర పెద్దరోడ్డెక్కితే కాసేపటికి ఆదిలాబాద్. మే నెలలో పాదరసం 45 డిగ్రీలకు ఎగబాకే ఊరిది. రాష్ట్రంలో చలి ముందుగా వణికించేదీ ఇక్కడే. అద్దాలు మూసి ఎండలో నిలిపిన బండి లోపల వేడి బయటికంటే చాలా ఎక్కువ. టేపు జిగురు మెత్తబడుతుంది, రబ్బరు మూతి గాలి వదులుతుంది. ఇళ్లలో వాడే చాలా మానిటర్లు 40 డిగ్రీల దాకా పనిచేసేలానే తయారవుతాయి. కాబట్టి నీడన ఆపండి. బండి చల్లబడ్డాకే తెర వేయండి. బ్యాటరీ ఉన్న ట్యాబ్‌నైతే ఎండలో వదిలి వెళ్లొద్దు. టేపును పూర్తిగా నమ్మొద్దు. ఈ జిల్లా వాతావరణంలో బోల్టే మాట నిలబెట్టుకుంటుంది.

తిరుగు దారిలో...

వచ్చేటప్పుడు నిర్మల్ మీదుగా రండి. నేరడిగొండ దగ్గర పక్కకు తిరిగితే కుంతల. కడెం వాగు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. నిర్మల్‌లో పునికి కర్రతో చేసే బొమ్మలు కొనుక్కోండి. కొన్నవి వెనక అద్దం దగ్గర అలంకరించకుండా సంచీలో పెట్టి సీటు కింద ఉంచండి. బ్రేకు పడితే కర్ర చిలుక కూడా ఎగురుతుంది.

ఇంటికి చేరాక ఒక్కసారి నట్లన్నీ తడిమి చూడండి. దూర ప్రయాణం చేసిన ప్రతిసారీ ఇదో అలవాటు కావాలి.

తెర తప్పని చెప్పడం లేదు. జగిత్యాల దాకా సినిమా చూడనివ్వండి. నానమ్మకూ ఓ పాత పాట వినిపించండి. కానీ అది పిల్లలకు బెల్టు పెట్టినంత జాగ్రత్తగా బిగించిన తెర కావాలి. రాయపట్నం వంతెన మీద గోదావరి కనపడగానే మూయడానికి వీలైన తెర కూడా కావాలి. అవతలి ఒడ్డున అడవి ఎదురుచూస్తుంటుంది. దానికి టికెట్టు లేదు, రెండో ఆట లేదు.