చూరు క్రింది లెక్క

పాత ఇంటి చూరు క్రుంగినప్పుడు గృహస్థుని మనస్సున మొదట పుట్టు ప్రశ్న ‘ఎంత అగును?’ అనునది, కాని ‘ఏల క్రుంగినది?’ అని తెలిసికొననిదే ఆ మొదటి ప్రశ్నకు సరియైన సమాధానము దొరకదు. జనగామలో మా పెద్దలు కట్టిన పెంకుటింటి చూరు వీధివైపున వంగినప్పుడు, భూపాలపల్లిలో ఉద్యోగము చేయుచున్న నేను, ఇల్లు కూల్చి బ్యాంకు ఋణముతో స్లాబు వేయుటయా, ఉన్నదానినే బాగుచేయించుటయా అని విచారించి, రెండవ మార్గమునే ఎన్నుకొంటిని. ఏలయన గోడలును దూలములును దిట్టముగా నుండెను, చెడినవి వాసముల కొనలు మాత్రమే.

వాసము గోడ దాటి బయటికి చాచుకొనిన భాగమే గదా చూరు. పెంకు జారిన చోట దిగిన నీరు ఆ కొనను నానబెట్టును. నానిన కొయ్యకు పుచ్చును చెదలును తోడగును. ఒక్కొక్కటి రెండు కిలోలకు పైబడు బెంగుళూరు పెంకులు వానకు తడిసి మరింత బరువెక్కి ఆ బలహీనమైన చోటనే నొక్కును. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని వాగు ముంచెత్తిన వానను, 2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రముల నడుమ రైలుపట్టాల క్రింది కట్టను కోసివేసిన వానను ఎరిగినవారెవ్వరును ఇట్టి పనిని మృగశిర కార్తె దాటనీయరు.

అందుచేత వేసవిలోనే, చేతనున్న సొమ్మును మూడు పద్దులుగా విభజించితిని. మొదటిది పనివారి రక్షణకు, రెండవది కలపకు, మూడవది పెంకులకును సున్నమునకును. సొమ్ము చాలనిచో తగ్గింపదగినది మూడవదే గాని మొదటిది కాదు. సున్నము మరుసటి యేడు వేయవచ్చును, విరిగిన చూరు క్రింద పడిన పనివానికి మరుసటి యేడు లేదు.

ఆ మొదటి పద్దున చేయించినవి ఇవి. చూరునకు తగిలించియున్న సర్వీసు వైరును విద్యుత్ సంస్థ సిబ్బందిచేత విడదీయించితిని. పిదప పెంకులు దింపి బరువు తగ్గించి, ఊతకర్రలు నేలలో దిగబడకుండ అడుగున వెడల్పు పలకలు పరపించితిని. వడ్రంగి చూరును జాకీతో కొద్దికొద్దిగా లేపెను. త్వరపడినచో గోడతల బీటలు వారును. పుచ్చిన కొనను గట్టి కొయ్య తగులువరకు కోసి, క్రొత్త కొయ్యను ప్రక్కన చేర్చి, అది బయటికి చాచుకొన్న పొడవునకు రెట్టింపు గోడలోపలివైపున పాతవాసముతో కలిసియుండునట్లు బోల్టులు బిగించెను.

కలప విషయమున మహబూబాబాదులోని మా బావగారి ఇంటికిని అదే అవసరము గలుగుటచే, ఇరువురము కలిసి భూపాలపల్లిలో టేకు కొని, ఒకే బండిలో తెప్పించి, కిరాయి పంచుకొంటిమి. బిల్లును, అటవీ శాఖవారి రవాణా అనుమతియు లేని కలప ఎంత చవుకగా వచ్చినను ముట్టలేదు. పట్టుబడినచో కలపయు పోవును, కేసును మిగులును.

ఋణము చేయవలసివచ్చునేమోనని ఆ లెక్కయు వేసితిని. సొంత నివాసమునకు మరమ్మతుకై తెచ్చిన అప్పుపై వడ్డీకి, ఆదాయపు పన్ను చట్టమున, పాత పన్ను విధానము ననుసరించువారికి, ఏడాదికి 30,000 రూపాయల వరకు మినహాయింపు కలదు. అయినను మినహాయింపువలన మిగులునది పన్నులో కొంత భాగమే. వడ్డీ మాత్రము పూర్తిగా మనమే కట్టవలెను. కావున దాచిన సొమ్ముతోనే పని ముగించితిని.

ఇప్పుడు ఐదేండ్ల గడువుగల పోస్టాఫీసు రికరింగు డిపాజిట్టున నెలనెల కొంత సొమ్ము ఆ ఇంటికై వేయుచున్నాను. పాత ఇంటికి మనము చెల్లింపవలసిన అద్దె యదియని నా భావము. గడువు తీరిన పిదప ఏటేట వేసవిలో పెంకులు సరిచేయించి, వాసముల కొనలను మేకుతో గ్రుచ్చి చూచి, మెత్తబడినదానిని వెంటనే మార్పించుటకు ఆ నిధి చాలును. పాత ఇల్లుగల ప్రతి గృహస్థుడును నేడే ఇట్టి ఖాతా తెరచి, తన మరమ్మతు లెక్కలో ఊతకర్రల ఖర్చును మొదటి పద్దుగా వ్రాసికొనవలెనని నా మనవి.