డ్యూ డేటూ, రిలీజ్ డేటూ

తొలి కాన్పు పుట్టింట్లోనే అన్నది మనవాళ్ళ రూలు కదా! ఏడో నెలలో మా ఆవిడ ముక్త్యాల వెళ్ళింది, నేను హైదరాబాదులో మిగిలాను.

డాక్టరమ్మ డ్యూ డేటు చెప్పగానే నాలోని ఇంజనీరు ఎక్సెల్ షీటు తెరిచాడు. తీరా చూస్తే అది చివరి నెలసరి మొదటి రోజుకి 280 రోజులు కలిపిన అంచనా మాత్రమేనట. సరిగ్గా ఆ రోజే కనేవాళ్ళు నూటికి సుమారు అయిదుగురే. మన రిలీజ్ డేట్లే నయం :)

పుట్టేది ఎవరో చెప్పడం 1994 చట్టం ప్రకారం డాక్టర్లకి నేరం. అత్తగారి వీధిలో అమ్మమ్మలకి అలాంటి అడ్డేం లేదు. పొట్ట చూసి రెండు మగ ఓట్లు, మూడు ఆడ ఓట్లు వేసేశారు.

2017 సవరణతో తల్లికి సెలవు 26 వారాలైంది. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే తండ్రికీ 15 రోజులుంటాయి. మనలాంటి ప్రైవేటు తండ్రులకి చట్టంలో సున్నా, అంతా కంపెనీ దయ.

అర్ధరాత్రి నొప్పులని ఫోనొచ్చింది.

"నువ్వెళ్ళి ఏం చేస్తావు?" అన్నాడు మేనేజరు.

"మీరొచ్చి ఏం చేస్తారు అల్లుడుగారూ?" అన్నారు అత్తగారు.

"ఎక్కడిదాకా వచ్చారు?" అని అడిగింది మా ఆవిడ ఒక్కతే. అప్పటికే కోదాడ దాటాను.

కాబోయే నాన్నలూ, సెలవు ముందే అడిగి పెట్టుకోండి. ఏం చేస్తారని ఎవరైనా అడిగితే, పక్కన ఉంటానని చెప్పండి. అది కూడా పనే.