అంకెలతో రాసిన పేరు

మా సంఘంలో విద్యార్థి సహాయ నిధి లెక్కలు చూసే పని కొంతకాలంగా మా నెత్తిన పడింది. వెనుక ఇది బౌండు పుస్తకాలలో జరిగేది. ఇప్పుడు సభ్యుల వివరాలన్నీ కంప్యూటరులో డేటాబేసుగా ఉన్నవి. ఈ ఏడు సహాయం ఎవరెవరికని ఒక క్వెరీ వేస్తే క్షణంలో జాబితా వస్తుంది. దానిని స్ప్రెడ్‌షీటులోకి దింపి బ్యాంకుకు పంపడమే తరువాయి. ఇందులో పొరపాటుకు చోటేదని మేమూ అనుకున్నాము.

నిరుడు జూన్‌లో హోసూరు నుంచి ఒక అవ్వగారు ఫోను చేశారు. మనుమడి కాలేజీ ఫీజుకు గడువు ఇక రెండు రోజులే. సొమ్ము ఇంకా రాలేదట. విచారిస్తే, అటువంటి ఖాతా లేదని బ్యాంకువారు తిప్పి పంపినట్లు తేలింది.

"నంబరు తప్పు రాశారేమో అవ్వా, ఒకసారి చూడండి" అన్నాము, కొంచెం పెద్దరికంగానే.

"పాసుబుక్కు ముందర పెట్టుకొనే రాసిచ్చినాను నాయనా. కడపటి అంకె ఏడు" అన్నారామె.

మా షీటులో కడపటి అంకె సున్న. డేటాబేసులో చూస్తే ఏడే! మా ముఖం చిన్నబోయింది.

జరిగింది ఇది. మేము దింపింది సి.ఎస్.వి. ఫైలు. అందులో కామాల నడుమ అక్షరాలే తప్ప, ఇది తేదీ, ఇది సొమ్ము అని చెప్పే గుర్తు ఉండదు. తెరవగానే స్ప్రెడ్‌షీటు తనకు తోచినట్లు ఊహించుకుంటుంది. ఎక్సెలు సంఖ్యలో 15 అంకెలే నిలుపుకుంటుంది. 16వది సున్న అవుతుంది. బెంగళూరు కోడు 080 వట్టి 80 అవుతుంది. నెలను ముందు చదివే అమెరికా పద్ధతి ఉన్న యంత్రంలో 3-4-1951న పుట్టిన ఏప్రిలు బిడ్డ మార్చి బిడ్డ అవుతాడు. 25-4-1951 మాత్రం, 25వ నెల లేదు గనుక, వట్టి అక్షరాలుగా మిగులుతుంది.

శాస్త్రజ్ఞులకూ ఈ బాధ తప్పలేదు. మార్చ్1, సెప్ట్1 అనే జన్యువుల పేర్లు షీటులో తేదీలైపోతుంటే, వాటిని మార్చ్‌ఎఫ్1, సెప్టిన్1 అని మార్చినట్లు పేర్లు నిర్ణయించే సంఘంవారు 2020లో ప్రకటించారు.

అన్నిటినీ అక్షరాలుగా దింపితే పోలేదా అంటారేమో. అప్పుడు సొమ్ము మొత్తం కట్టమంటే సున్న చూపుతుంది! అందుచేత మేము ఒక కొలబద్ద పెట్టుకున్నాము. కూడితే అర్థముండేదే సంఖ్య. రెండు ఖాతా నంబర్లను కూడి ఎవరేమి చేసుకుంటారు? ఖాతా నంబరు అంకెలతో రాసిన పేరు. ఇంటిపేర్లు రికార్డులలో ఒక్క అక్షరమైపోయిన మనవంటివారికి పేరు తరగడమంటే ఏమిటో వేరే చెప్పాలా?

ఇప్పుడు ఖాతా, ఫోను నంబర్లను టెక్స్టుగా, సొమ్మును సంఖ్యగా, తేదీని 1951-04-03 అని సంవత్సరం ముందుగా దింపుతున్నాము. సి.ఎస్.వి.ని నేరుగా తెరవక, డేటా మెనూ నుంచి రప్పించి, ఏ వరుస ఏ రకమో ముందే చెబుతున్నాము. గడిగడికీ రకం నిలిచే ఎక్స్.ఎల్.ఎస్.ఎక్స్. ఫైలుగా దింపగలిగితే మరీ మేలు. పంపేముందు వరుసల లెక్క, మొత్తం సొమ్ము, ఖాతా నంబర్లు డేటాబేసుతో సరిచూస్తాము.

ఆనాడు ఫీజు మా చేతినుంచి కట్టి, అవ్వగారిని క్షమించమన్నాము.

"పిల్లవాడు బడికి పోయినాడు, అంతే చాలు. ఇంకొకరికి ఇట్లా కానీవద్దు నాయనా" అన్నారు.